వంట రాని పిల్ల

"నీ చేతిలో ఏముందో గానీ అక్కా, గడ్డి వండి పెట్టినా తినేస్తాం," అంది చిన్నీ, రెండోసారి కూర వడ్డించుకుంటూ.

అక్క నవ్వింది. పొయ్యి ముందు నిలబడే తింటోంది, ఒక చేతిలో కంచం, పక్కన గట్టు మీద తెరిచిన లాప్‌టాప్. దాని మీటల సందుల్లో పసుపు.

మాట అనేశాక చిన్నీకి తన గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో ఏమిటి, ఇంట్లోనే. నాన్న కూడా సరిగ్గా రెండోసారి వడ్డించుకునేటప్పుడే అనేవాడు: "మీ అమ్మ చేతి వంట తిన్న నోటికి ఇంకేదీ ఆనదు." ఆ మాటకి అమ్మ ముఖం వెలిగేది. వెలిగిన ముఖంతోనే లేచి మళ్లీ వంటింట్లోకి వెళ్లేది.

అలాగని చిన్నీ మెచ్చుకోలు అబద్ధం కాదు. పరాయి దేశంలో ఒకే ఇంట్లో అద్దెకుంటూ, చాలీచాలని డబ్బుతో చదువుకుంటున్న ముగ్గురమ్మాయిలు రోజూ కడుపునిండా తింటున్నారంటే అదంతా అక్క బుర్రే. తోడబుట్టిన అక్క కాదు, ముగ్గురిలో పెద్దదని ఆ పిలుపు. దుకాణం మూసే వేళకి వెళ్లి, ధర తగ్గించి పసుపు చీటీ అంటించిన కూరలే ఏరుతుంది. మెత్తబడ్డ టమాటాలన్నిటినీ ఆదివారం ఉల్లిపాయలతో మగ్గబెట్టి, ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తుంది. వారమంతా రెండేసి ముక్కలు మూకుట్లో వేస్తే సగం కూర అయినట్టే. కాలీఫ్లవర్ పువ్వు ఒకరోజు కూర, కాడలు మర్నాడు పచ్చడి. తాలింపు పెట్టే ముందు కిటికీ తెరుస్తుంది, లేకపోతే పొగ అలారం ఊరుకోదు. అన్నిటికంటే చిన్నీని కట్టిపడేసేది ఒకటుంది. అక్క తాలింపు వైపు చూడదు. కళ్లు లాప్‌టాప్ మీదే ఉంటాయి. ఆవాలు ఇక చాలన్న క్షణం ఆమె చెవికి తెలుస్తుంది, చెయ్యి దానంతటదే మంట తగ్గిస్తుంది. ఆ చెవి ఎన్నేళ్లకి వస్తుందో చిన్నీకి తెలుసు. ఎందుకంటే అది తనకీ ఉంది.

పదేళ్ల వయసులో అమ్మ పక్కన నిలబడి నేర్చుకుంది. పన్నెండేళ్లకి, అమ్మ జ్వరంతో పడుకుంటే, ఇంటిల్లిపాదికీ వండింది. ఇక్కడికి బయల్దేరేటప్పుడు అమ్మ సూట్‌కేసు మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతూ, గొంతు తగ్గించి చెప్పింది: "వంట వచ్చని అక్కడ ఎవరికీ చెప్పకు. నాకు బాగా వచ్చు కాబట్టే నేనిక్కడ ఉండిపోయాను."

అందుకే మొదటి నెలలో తన వంతు వచ్చినప్పుడు, పప్పు అడుగంటుతున్న వాసన ముక్కుకి తగులుతున్నా, చిన్నీ ఫోన్ చూస్తూ కూర్చుంది. అలారం మోగింది. బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. "నీకో దండం తల్లీ, ఇక పొయ్యి ముట్టుకోకు. నేనే చేసేస్తాలే," అంది అక్క. ఫ్రిజ్ మీది వంతుల కాగితంలో చిన్నీ పేరు కొట్టేశారు. మూడో అమ్మాయి అన్నం ఉడికాక గానీ ఇల్లు చేరదు, ఆమెకి 'ఆలస్యం' అనే పేరు స్థిరపడింది. వంతుల్లోంచి ఆమె పేరూ పోయింది. కాగితం మీద ఒక్క పేరే మిగిలింది.

"మీ మేడమ్ అడిగిన థీసిస్ అధ్యాయం ఎంతవరకు వచ్చిందక్కా?" అంది చిన్నీ.

"రేపు మధ్యాహ్నంలోగా ఇవ్వాలి. ఇది మూడో గడువు. ఈసారీ ఇవ్వకపోతే వేరే గైడుని వెతుక్కోమంది." అక్క తేలిగ్గానే చెప్పింది. "కుక్కర్ విజిల్‌కీ విజిల్‌కీ మధ్య ఎంతని రాస్తాను? ఇప్పటికి ఆరు విజిళ్లంత అయింది."

ఆలస్యం పగలబడి నవ్వింది. చిన్నీకి నవ్వు రాలేదు. అమ్మ తనని వంటింట్లోంచి తప్పించింది, నిజమే. కానీ తను ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండిపోలేదు. అక్కడ ఇంకో అమ్మ కూతురు వచ్చి నిలబడింది. ఆమె అక్కణ్ణించి కదలకుండా ఉండేలా తను పూటపూటా మెచ్చుకుంటోంది. అమ్మ తప్పు చెప్పిందని కాదు. ఒక్క కూతురి గురించే ఆలోచించింది, అంతే.

మర్నాడు పొద్దున్న అక్క వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీ తెరిచి ఉంది. కూరలు కోసే చెక్క మీద చిన్నీ ఉల్లిపాయలు తరుగుతోంది. చూపు మూకుడు మీద ఉంది, కత్తి తన పని తాను చేసుకుపోతోంది.

"నీకు వంట వచ్చు," అంది అక్క. అది ప్రశ్న కాదు.

"వచ్చక్కా. ఆ రోజు పప్పు కావాలనే మాడ్చాను."

ఆవాలు చిటపటలాడి సద్దుమణిగాయి. చిన్నీ మంట తగ్గించింది.

"ఎనిమిది నెలలు," అంది అక్క.

"అవునక్కా."

"దొంగమొహందానా! ఎనిమిది నెలలు దాచావా!" ఆ గొంతులో ఉన్నది కోపమో నవ్వో అక్కకే తెలిసినట్టు లేదు. అలవాటు కొద్దీ చెయ్యి గరిట కోసం చాచింది. చిన్నీ ఇవ్వలేదు.

"వెళ్లి రాసుకో. అయ్యాక పిలుస్తాను."

ఆ చెయ్యి ఎటు పోవాలో తెలియక కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత అక్క లాప్‌టాప్‌ని రెండు చేతులా ఎత్తుకుని గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

పన్నెండు కాకముందే అక్క బయటికొచ్చింది. "పంపించేశాను," అని కుర్చీలో కూలబడింది. అక్క కూర్చుని వేడన్నం తినడం చిన్నీ చూడటం అదే మొదలు. మొదటి ముద్దకి అక్క కళ్లు మూసుకుంది. ఎదురుగా నిలబడిన చిన్నీ ముఖం తనకి తెలియకుండానే వెలగడానికి సిద్ధమైంది.

అక్క కళ్లు తెరిచి ఆ ముఖాన్ని చూసింది. ఎక్కడో ఎరిగిన ముఖాన్ని చూసినట్టు చూసింది.

"బాగుందని మాత్రం అననే చిన్నీ," అంది మెల్లగా. "అంటే రేపు కూడా నువ్వే నిలబడతావు."

రెండోసారికి తనే లేచి వడ్డించుకుంటూ, మూసి ఉన్న రెండో గది వైపు తిరిగి కేకేసింది: "ఒసే ఆలస్యం, లేవ్వే! రేపు వంట నీది. రాదంటావేమో, నేర్పడానికి ఇద్దరం ఉన్నాం!"