ఇప్పటికే నెరవేరినట్టు

బిస్కెట్ల పొడిలో కొబ్బరి, నిమ్మరసం కలిపి పళ్లెంలో అదిమాను. మా ఊరి హాల్లో ఏ సమావేశం జరిగినా ఆడవాళ్లు తలో పళ్లెం తిండి పట్టుకెళ్లాలి. మగవాళ్లు ఆకలి తెచ్చుకుంటే చాలు. కరువు మూడో ఏట పడినా ఆ పద్ధతి మాత్రం మారలేదు.

ఇవాళ్టిది ఆడవాళ్లకే. సానుకూలంగా ఆలోచించి లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి, మార్పును ఎలా తట్టుకోవాలి అని చెప్పడానికి సిడ్నీ నుంచి బ్రోన్‌విన్ అనే ఆవిడ వచ్చింది. "మీ ఇంట్లో ఉత్సాహం మీ చేతుల్లోనే ఉంది" అని మొదలుపెట్టింది. ఖర్మ, ఇంక అదొక్కటే తక్కువ! పక్కనే మా అత్తగారు మెర్ల్ తలాడిస్తూ కూర్చుంది. పోయిన నెల మేత లేక మా ఆయన రాస్ మిగిలిన గొర్రెల్ని తన చేత్తోనే కాల్చి గోతిలో పూడ్చిన రోజు ఆవిడా ఇదే అంది. "నువ్వు మొహం వేలాడేసుకుని తిరిగితే వాడికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందే? కాస్త నవ్వుతూ ఉండు." ఉన్నాను. పొద్దున్నే ఆవులకి నీళ్లు తోలడం, తర్వాత స్కూలు బస్సు నడపడం, వచ్చి వండటం, మధ్యమధ్య నవ్వడం. దవడలు పీకుతున్నాయి. మొన్న టీ తాగుతూ రాస్ మామూలుగా అన్నాడు, "నేను లేకపోతే నీకు మేపాల్సిన నోరు ఒకటి తగ్గుతుంది గ్లెనిస్." అప్పట్నుంచీ తుపాకుల బీరువా తాళంచెవి నా బాడీసులోనే. "నక్కలు తిరుగుతున్నాయి, తాళం ఏదీ?" అని రోజూ అడుగుతాడు. నేను రోజూ వెతుకుతున్నట్టు నటిస్తాను. నాకు భయంగా ఉంది.

"మీ కోరిక ఇప్పటికే నెరవేరినట్టు కార్డు మీద రాయండి" అంది బ్రోన్‌విన్.

'మా ఇంట్లో తుపాకులు లేవు' అని రాశాను.

ఆవిడ నా భుజం మీంచి తొంగిచూసి నవ్వింది. "'లేవు' వద్దు గ్లెనిస్ గారూ. ఉన్నదేదో రాయండి, సానుకూలంగా."

ఒళ్లు మండిపోయింది. అయినా కొట్టేసి మళ్లీ రాశాను. నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి చదివాను.

"నా మొగుడు బతికే ఉన్నాడు."

బ్రోన్‌విన్ మొహంలో నవ్వు పోయింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "నోర్ముయ్! ఊరందరి ముందూ వాడి పరువు తీస్తావా? ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం."

"మీరు వెళ్లండి అత్తయ్యా. ఇప్పుడే వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. నేను పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను, ఆ తుపాకులు పట్టుకుపొమ్మని చెప్పడానికి."

"వాడు నిన్ను జన్మలో క్షమించడే!"

"క్షమించక్కర్లేదు. నన్ను తిట్టుకుంటూ బతకమనండి."