కుండలో జర్మేనియం

ధర్మవరంలో వీణ అనే పిల్ల తన బ్యాండుకి గిటారు వాయించేవాడు కావాలంటే, హిందూపురం నుంచి నేనొస్తానని చెప్పినా. "ఆదివారం మా ఇంటికొచ్చి వాయించి చూపీ ఉమాశంకర్. నచ్చకపోతే సాయంత్రానికి బత్తలపల్లి పిల్లోన్ని పిలుస్తా" అనింది. ఆ పిల్లోడు నాకంటే బాగా వాయిస్తాడు. అందుకే నాకు ఫజ్ పెడల్ కావాల్సొచ్చింది.

ఫజ్ పెడలంటే కాలితో తొక్కే చిన్న పెట్టె. తొక్కితే గిటారు గొంతు బొంగురుపోయి, పది కందిరీగల తుట్టెలు ఒకేసారి లేచినట్టు మోగుతాది. తప్పు వాయించినా కావాలనే వాయించినట్టుంటాది. పెట్టె నేనే చేసుకున్నా. లోపల మాత్రం పాతకాలపు జర్మేనియం ట్రాన్సిస్టర్లు రెండు పడల్ల. అవి చచ్చిన రేడియోల్లో తప్ప యాడా దొరకవు.

చచ్చిన రేడియోలన్నీ పెనుకొండలో బుడన్‌సాబ్ తాత రిపేరంగట్లో ఉండాయి. ఆదివారం పొద్దున్నే ఆడ దిగినా. తాత ఒక రేడియో పొట్ట కోసి, రెండు తీసి, మీటరు పెట్టి చూసి, నా పెట్టెలో అతికిచ్చినాడు.

"చల్లగా పెట్టుకో బేటా. వేడెక్కితే వీటికి గొంతు పోతాది."

"ఎంత ఎండకి తాతా?"

"మన ఎండకి."

మే నెల. ఆ పొద్దు స్టేషన్లో కాకులు చెప్పులేసుకోని తిరుగుతాండాయి. తాత ఒక మట్టికుండ ఇచ్చినాడు. పెట్టెను ప్లాస్టిక్ కవర్లో చుట్టి కుండలో పెట్టి, మూతికి తడిపిన ఎర్రగుడ్డ కట్టుకోని ధర్మవరం రైలెక్కినా. కాలు పెట్టే సందు లేదు. కుండను చూసి కిటికీ పక్కన ఒక అవ్వ దబుక్కున లేసింది.

"ఎవురు పోయినారు నాయనా?"

నిజం చెప్పొచ్చు. చెప్తే ధర్మవరం దాకా నిలబడల్ల.

"పెద్దాయన అవ్వా. అరవై ఏండ్లు పాడినాడు. గొంతు పడిపోయింది."

"అయ్యో! ఏం పాడుతుండె?"

"పొద్దున భక్తి పాటలు. మధ్యాన్నం వార్తలు చదువుతుండె."

బోగీ అంతా కండ్లు తుడుచుకునింది. నాకు సీటు, రెండు అరటిపండ్లు, ఒక మజ్జిగ ప్యాకెట్టు దొరికినాయి.

ధర్మవరంలో వీణ ఇంటికి పోతే, వాకిట్లో ఆ అవ్వే నిలబడుండాది. వీణ వాళ్ళ అవ్వంట, సుబ్బలక్ష్మమ్మ. ఆటోలో నాకంటే ముందొచ్చేసింది.

"ఓరి, గిటారోడివి నువ్వేనా? లోపల మగ్గం మీద పెండ్లి చీర ఉండాది. అస్థికలెత్తుకోని గడప తొక్కుతావా?"

"అస్థికలు కాదవ్వా. సీటు కోసం అబద్ధం చెప్పినా."

"అబద్ధాలు చెప్పేవానివా? అయితే ఇదీ అబద్ధమే."

నేను కుండను వీపు వెనక్కి దాచుకున్నా.

వీణ నవ్వాపుకోలేక, "వాకిట్లోనే వాయించప్పా" అనింది. ఎండలోకి వైరు లాగి, కుండలోంచి పెట్టె తీసి తొక్కినా. మొదటి నిమిషం కందిరీగలు బాగానే లేచినాయి. రెండో నిమిషానికి పెట్టె బర్రె తుమ్మినట్టు తుమ్మి, గమ్మునైపోయింది.

"బత్తలపల్లికి ఫోన్ చేస్తా" అనింది వీణ.

"ఆగు వీణా! మీ ఇంట్లో చల్లగుండే తావు యాడుండాది?"

"మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలో. పోగులు తెగకుండా అవ్వ దినామూ నీళ్ళు చల్లతాది. ఆమెను ఒప్పించుకో, చూస్తాం."

బుడన్‌సాబ్ తాతకి ఫోన్ కొట్టి, అవ్వ చెవికాడ పెట్టినా.

"అమ్మా, అది రేడియోదే. నేనే కోసినా. అది చచ్చి పదేండ్లయింది" అన్నాడు తాత.

అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"రేడియో అయినా చచ్చిందే కదరా. స్నానం చేసి రా."

చేసినా. నా మీద, గిటారు మీద పసుపునీళ్ళు చల్లింది. పెట్టెకు ఒక్క చుక్క చాలని కాళ్ళు పట్టుకున్నా.

చీర మంగళవారానికి ఇయ్యల్ల, అవ్వ మగ్గం వదలదు. గుంతలో ఆమె కాళ్ళ పక్కనే పెట్టె పెట్టి నేను పైన నిలబడినా. చల్లబడినాక గొంతు లేచింది.

"తొక్కేదెట్లవ్వా, నా కాలు అందదే?"

"మగ్గానికి రెండు చెక్కలు తొక్కేదాన్ని, మూడోది తొక్కలేనా? నువ్వు వాయీ."

మగ్గం టకటక. మధ్యలో కందిరీగలు లేస్తాండాయి, కూర్చుంటాండాయి. చోద్యమేమంటే, నేను తప్పు వాయించేకి ముందే అవ్వ కాలు పెట్టె మీద పడతాండాది. ఒక్క తప్పూ బయటపడలేదు. వీణ డ్రమ్ములు కలిపింది.

పాట అయినాక, "నీకెట్ల తెలిసిందవ్వా?" అనడిగింది వీణ.

"పోగు తెగేకి ముందు అదురుతాది. వీని ఏలు గూడా అంతే."

నేను గొంతు సవరించుకోని, "నన్ను తీసుకున్నట్టేనా?" అన్నా.

"అవ్వను తీసుకున్నా. ఆమె ఒప్పుకుంటే నువ్వూ ఉంటావు."

అవ్వ ఒప్పుకునింది. ప్రతి ఆదివారం వచ్చి, ముందు ఆమెకి మగ్గం కండెలకు దారం చుట్టిచ్చి, ఆమీదటే గిటారు ముట్టల్లంట. రెండు నెలలాయ. కండెలు ఇప్పుడు బాగా చుడతాండా.