డ్రోన్ నీడ పడిన చోట

లెక్క తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ డిసెంబరు ఉదయం భావనపాడు ఇసుక దిబ్బల మీద నా లెక్క ఎలా తప్పిందో కూడా అర్థం కాలేదు.

తుఫానుకి సరుగుడు తోట పడిపోయాక ఇసుక పొలాల్లోకి కొట్టుకొస్తోంది. దాన్ని ఆపడానికి, పూర్వం దిబ్బల మీద ఉండే తీగల్నీ గడ్డినీ మళ్లీ పెంచాలని మా సంస్థ పని మొదలెట్టింది. డ్రోన్‌తో ఫొటోలు తీసి, ఎక్కడ నాటాలో మూడు వందల పాయింట్లు గుర్తించింది నేనే. ఆగస్టులో నేను డ్రోన్‌ని ఒక్కో పాయింటు మీద ఆపుతుంటే, మేస్త్రీ కుమారి, ఆమె గుంపులోని పదిమంది ఆడవాళ్లు ఊదాపువ్వుల తీగనీ, రావణుడి మీసాలనే ముళ్లగడ్డినీ నాటారు.

ఇప్పుడు పైనుంచి చూస్తే నా పాయింట్లలో ఒక్కదాని మీదా పచ్చదనం లేదు. పోనీ అంతా చచ్చిందా అంటే అదీ కాదు. పాయింట్లకి పదిహేను గజాలు ఊరి వైపున, నేను నాటమనని చోట, నూట ఇరవై మొక్కలు నిగనిగలాడుతున్నాయి. సముద్రం వైపున మరో వరస ఎండిపోయి ఉంది. డ్రోన్ పాడైందేమో అనుకున్నాను. బ్యాటరీ మార్చి ఎగరేశాను. మ్యాప్ తలకిందులుగా పెట్టి కూడా చూశాను. బుర్ర పనిచేయలేదు.

మా అధికారి వేంకటాచలం గారికి మాత్రం ఏ అయోమయమూ లేదు. "ఆవిడ గుంపు ఇష్టమొచ్చిన చోట గుచ్చేసిందయ్యా కామేష్. మధ్యాహ్నానికి రిపోర్టు రాసియ్యి. రెండో విడతకి వేరేవాళ్లని పెడదాం" అన్నారు ఫోన్లో.

రాస్తే ఆ పదకొండు మందికీ పని పోతుంది. రాయకపోతే తప్పు నా నెత్తికొస్తుంది. మండుతున్న మొహంతో కుమారి దగ్గరికి వెళ్లాను. ఆమె బతికిన తీగల చుట్టూ మేకలు రాకుండా కంప వేస్తోంది.

"డ్రోన్ ఆగిన చోట గుర్తుకి జెండా పాతి నాటమన్నాను కదక్కా. ఎక్కడ పాతారు?"

"ఆగిన సోటే పాతినాం బాబూ."

"అది ఆగింది దిబ్బ నెత్తిన. ఇవేమో ఇక్కడున్నాయి."

"ఆకాశంలో ఆగినదానికి సరిగ్గా కింద ఏ సోటో మాకెలాగ తెలుస్తాది? తలెత్తితే కళ్లలో ఎండ. నేల మీద దాని నీడ నల్లగా ఆగీది. అక్కడ పాతినాం. తప్పేటి?"

కూర్చుని ఇసుక మీద వేలితో గీసి చూశాను. పొద్దున్న ఎగరేస్తే నీడ పడమటికి, ఊరి వైపు దిబ్బ చాటుకి పడింది. అక్కడ లేత మొక్కలకి ఉప్పుగాలి తగలదు. సాయంత్రం నీడ సముద్రం వైపు, గాలికి ఎదురుగా పడింది. మరి మిట్టమధ్యాహ్నం? అప్పుడు నీడ డ్రోన్ కిందే ఉంటుంది. గబగబా దిబ్బ నెత్తికెక్కాను. సరిగ్గా నా పాయింట్ల మీద, పైనుంచి కనబడకుండా ఇసుకలో సగం పూడి, అరవై మొక్కలు నాటి ఉన్నాయి. అరవైకి అరవై మాడిపోయాయి.

అంటే నేను చెప్పింది చెప్పినట్టు చేసుంటే ఈ దిబ్బ మీద ఒక్కటీ బతికేది కాదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. కిందికి దిగి, ఉడుకుమోత్తనం చావక, "నీడ పూటకో వైపు పడుతుందని తెలుసు కదక్కా. ఒక్కమాట అడగొచ్చు కదా" అన్నాను.

"అడిగినాను బాబూ. రెండోరోజు నీ గొడుగు కాడికొచ్చి, నీడ దూరంగా పడతన్నాది, అక్కడే పాతీమా అన్నాను. తెర మీంచి సూపు తియ్యకుండా ఊఁ అన్నావు."

నాకు గుర్తు లేదు. అనే ఉంటాను. నాటిన ఆ పదిరోజులూ గొడుగు నీడలో కూర్చుని అంకెలు చూశానే తప్ప, వాళ్లెక్కడ తవ్వుతున్నారో లేచి చూసిన పాపాన పోలేదు. చచ్చేంత సిగ్గేసింది.

ఆమె ఎదుటే వేంకటాచలం గారికి ఫోన్ చేశాను. "పాయింట్లే తప్పు సార్. నావి. బతికినవి కుమారి గుంపు నాటినవే. రెండో విడత కూడా వాళ్లే నాటాలి."

ఆయన, "సరే, నీ పూచీ" అని పెట్టేశారు.

కుమారి కంప వెయ్యడం ఆపి నావైపు చూసింది. "అయితే రేపు పనికి రమ్మంటావేటి?"

"రండక్కా. పొద్దున్నే ఎగరేస్తాను."

"అలాగే వస్తాం. నువ్వు మట్టుకు ఆ గొడుగు ఇంటికాడే ఒగ్గేసి రా బాబూ."