బిందెలో పడిన గుండె

బిక్షపతి గరిటె పట్టాడంటే మెదక్‌లో ఆ పెళ్లికి సగం పేరు వచ్చేసినట్టే. మిగతా సగం పెళ్లికొడుకు చూసుకోవాలి. బగారన్నం మీద మూత తీస్తే చాలు, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కూడా పంతులుగారి మంత్రాలు వదిలేసి ముక్కులు వెనక్కి తిప్పేవాళ్లు. అలాంటి మనిషికి పోయిన చలికాలంలో గుండెనొప్పి వచ్చింది. స్టెంటు వేశారు, బతికి బయటపడ్డాడు. కానీ అతని కూతురు దేవిక ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో నర్సు ఉండటమంటే పోలీసు ఉండటమే.

దేవిక ముందు స్మార్ట్‌వాచీ కొనిచ్చింది. పొయ్యి ముందు దాని పట్టీ కింద చెమట పట్టి మణికట్టు పొక్కింది. మసాలా కలపబోతే అడ్డం, వంట డేగిశా ఎత్తబోతే అడ్డం. అది కూడా భరించేవాడే. ఒకరోజు నిజాంపేట నుంచి పెళ్లివంట మాట్లాడటానికి వచ్చినవాళ్లు ఆ వాచీ ఏమిటని అడిగారు. పిచ్చి మారాజు, గొప్పగా చెప్పుకున్నాడు: నా గుండెను ఇరవై నాలుగ్గంటలు చూస్తుంటుందని. వాళ్లు చాయ్ తాగి, ఫోన్ చేస్తామని లేచి, ఆ వంట ఇంకొకరికి ఇచ్చేశారు.

"నాకీ గడియారం వద్దు బిడ్డా. బీమార్ మనిషినని మెడల బోర్డు ఏస్కున్నట్టున్నది," అని తీసి పక్కన పడేశాడు.

అప్పుడు దేవిక తెచ్చిందే ఈ స్మార్ట్ రింగు. నల్లగా, తేలిగ్గా, చూడటానికి మామూలు ఉంగరం. దానికి తెర లేదు, మోత లేదు, రోజూ చార్జింగు పెట్టమని ఏడవదు. లోపలివైపు చర్మానికి ఆనుకుని పచ్చటి వెలుగు మిణుకుమంటుంది. గుండె ఎలా కొట్టుకుంటోందో బిక్షపతి జేబులోని ఫోనుకు చెబుతుంది, అక్కణ్ణుంచి ఆ సంగతి దేవిక ఫోనుకు పోతుంది. అన్నిటికన్నా మేలు ఏమిటంటే, ఉంగరం ఎందుకు పెట్టుకున్నావని మన ఊళ్లల్లో ఎవరూ అడగరు. ఏదో గ్రహబాధ అనుకుని ఊరుకుంటారు. శని పట్టిన వంటవాడికి పెళ్లివంట ఇస్తారు గాని, స్టెంటు పడ్డవాడికి ఇస్తారా?

"వేల్నుంచి తియ్యొద్దు నాయినా," అంది దేవిక. "గుండె ఒక్కసారి ఎక్కువ కొట్టుకున్నట్టు నా ఫోన్ల కనవడ్డదో, గరిటె బంద్. మల్ల నన్ననొద్దు."

బిక్షపతి కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

అతని భార్య పద్మమ్మకు ఈ ఫోన్ల గొడవేమీ ఎక్కలేదు. పగడమైనా నీలమైనా రాయి ఒంటికి తగలాలని ఉంగరం అడుగున ఖాళీ ఉంచుతారని ఆమెకు తెలుసు. దీంట్లో పచ్చరాయి ఉందనీ, చీకట్లో వెలుగుతుంది కాబట్టి మామూలు రాయి కాదనీ నిశ్చయించుకుంది. రోజూ దాన్ని కళ్లకద్దుకునేది.

నొప్పి వచ్చాక బిక్షపతి పట్టిన మొదటి పెద్దవంట రఘుపతి కూతురు చంద్రిక పెళ్లి. ఈ వంట బాగా జరిగితే బిక్షపతి మళ్లీ నిలబడ్డాడని ఊరంతా తెలుస్తుంది. చెడితే ఇక ఇంట్లో కూర్చోవడమే. వీధిలోనే పందిరి వేశారు. మండపానికీ గాడిపొయ్యికీ మధ్య ఒక్క పరదా. టేక్మాల్ నుంచి మగపెళ్లివారు బస్సు నిండా దిగారు.

మాంసానికి మసాలా పట్టించే వేళైంది. అది గరిటెతో అయ్యే పని కాదు, మోచేతి దాకా చెయ్యి దించాలి. బిక్షపతి అటూ ఇటూ చూసి ఉంగరం తీశాడు.

"జరసేపు కొంగుకు ముడేస్కో. పైలం," అని పద్మమ్మ చేతికిచ్చాడు.

పద్మమ్మ ముడేసుకుని మండపం దగ్గరికి పోయింది. అక్కడ బిందెలో ఉంగరం తీసే ఆటకు అన్నీ సిద్ధం, ఉంగరం తప్ప. నిశ్చితార్థం నాటి ఉంగరం పెళ్లికొడుకు వేలికి బిగుసుకుపోయింది. సబ్బు రాశారు, నూనె రాశారు, చివరికి బావమరిది కాలు తన్నిపెట్టి లాగాడు. వేలు ఊడేలా ఉంది గాని ఉంగరం ఊడేలా లేదు.

"ఎవలన్న ఒక ఉంగరం ఇయ్యుండ్రే! ఆటైనంక మల్లిస్తం," అని పెళ్లికూతురి నాయనమ్మ ఐలవ్వ కేకేసింది.

పద్మమ్మ కొంగుముడి విప్పింది. ఒంటికి మేలు చేసే రాయి, కొత్తజంట చెయ్యి తగిలితే వాళ్లకూ మంచిదేననుకుంది ఆ ఇల్లాలు. ఉంగరం బుడుంగున పసుపునీళ్లలో మునిగింది.

పరదా వెనక బిక్షపతి ఫోను మోగింది.

"నాయినా, ఏం కనవడ్తలేదు. ఉంగరం తీసినవా?"

"తియ్యలే బిడ్డా! నీళ్లల్ల చెయ్యి పెట్టిన, గంతే," అన్నాడు. నీళ్ల మాట వరకు, తెలియకుండానే, నిజమే చెప్పాడు.

కాసేపటికి మళ్లీ మోగింది. "నాయినా, గుండె గింత జోరుగ కొట్టుకుంటుందేంది? ఏం జేస్తున్నవ్? కూసో ముందు!"

బిక్షపతి ఉల్లిగడ్డలు వేయిస్తున్నాడు. అంత హాయిగా అతను ఏడాదిలో ఎప్పుడూ లేడు. "కూసున్న బిడ్డా," అని నిలబడే చెప్పి, ఫోను పెట్టేసి, ఉంగరం ఇచ్చిన పద్మమ్మ ఎక్కడుందోనని పరదా పక్కకు లాగాడు.

చంద్రిక ఆటలో గెలిచింది. పెళ్లికొడుకే ఉంగరం తొడిగినట్టున్నాడు, ఆమె బొటనవేలి మీద నల్లగా మెరుస్తోంది. పిల్ల ముఖం ఎర్రగా కందింది. బిక్షపతి చేతులు తుడుచుకుంటూ మండపం ఎక్కాడు.

"చంద్రికమ్మా, గా ఉంగరం జర ఇయ్యరాదు బిడ్డా."

"గెల్చిన ఉంగరం ఎవలన్న ఇస్తరా కాకా?"

"వంటాయనకు పెళ్లిపిల్ల ఉంగరమే గావాల్నటనే!" అని టేక్మాల్ ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తన గుండె ఆ ఉంగరంలో ఉందని చెబితే దొరుకుతుంది. చెబితే పందిరంతా తెలిసిపోతుంది కూడా. పెళ్లికొడుకు చంద్రిక చెవిలో ఏదో అన్నాడు. ఆమె తల దించుకుంది. బిక్షపతి జేబులో ఫోను గోలగోలగా మోగింది. ఎత్తే ధైర్యం చాలక పొయ్యి దగ్గరికి పారిపోయాడు.

దేవిక స్కూటీ మీద, యూనిఫాంలోనే వచ్చి పడింది. తండ్రి స్టూలెక్కి ఉప్పు చూస్తున్నాడు. కిందికి దింపి మణికట్టు పట్టుకుంది. నాడి నింపాదిగా నడుస్తోంది. ఫోను చూసింది, అందులో గుండె పరుగెడుతోంది. వేలు చూసింది, బోసిగా ఉంది. బిక్షపతి పరదా వైపు గడ్డం ఎత్తి చూపించాడు. పెళ్లికూతురి వేలు, పెళ్లికూతురి ముఖం చూశాక ఆమెకు అంతా అర్థమైంది. కాని నవ్వలేదు.

"నా మీద ఒట్టేసి గూడ అబద్ధమాడినవ్ నాయినా. నువ్వు ఫోన్ ఎత్తకపోతే తొవ్వంట ఏడ్సుకుంట వచ్చిన."

బిక్షపతికి తల కొట్టేసినట్టయింది. "భయమైంది బిడ్డా. గుండె ఆగుతదని గాదు. నువ్వు గరిటె ఇడిపిస్తవని."

దేవిక మణికట్టు వదల్లేదు. అప్పుడే రఘుపతి పరదా తొలగించుకుని తల లోపలికి పెట్టాడు.

"బిక్షపతన్నా! బంతి కూసున్నది. జనమంత నీ బగారకే ఎదురుచూస్తుండ్రు!"

దేవిక వేళ్ల కింద నాడి ఎగిరిపడింది. ఆమె ఉలిక్కిపడి తండ్రి ముఖంలోకి చూసింది. అందులో నొప్పి లేదు. ఇందాక మండపం మీద చంద్రిక ముఖంలో చూసిన వెలుగే ఈ ముసలి ముఖంలోనూ ఉంది. రోజూ ఎన్నో నాడులు పట్టి చూసే పిల్ల, సంతోషానికి కూడా గుండె ఇలాగే పరుగెడుతుందన్నది భయంలో పడి మరిచిపోయింది.

మెల్లగా చెయ్యి వదిలింది.

"పో నాయినా," అంది, కళ్లు తుడుచుకుంటూ. "మూత నువ్వే తియ్యాలె."