తాళం వేసిన ఈతకొలను

రైలు పట్టాల అవతలి పిల్లలను ఊరి ఈతకొలనులోకి రానివ్వరు. బోర్డు మీద అలా రాసి ఉండదు. టికెట్ కిటికీలోంచి ‘ఇల్లెక్కడ?’ అని అడిగి వెనక్కి పంపేస్తారు. అందుకే పిల్లలంతా ఒకేసారి వెళ్లి వరుసలో నిలబడాలనుకున్నారు. రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ గేటుకు తాళం, ‘మరమ్మతులు’ అని ఒక అట్టముక్క.

ఎవరో ఉప్పందిస్తున్నారు. పిల్లల్ని ముందుండి నడిపిస్తున్న పదిహేనేళ్ల పిల్లను అందరూ మిరియం అంటారు. ఆమె అనుమానమంతా, ఉంగరాల జుట్టు వల్ల అందరూ గిరజాల అని పిలిచే కుర్రాడి మీదే. వాడి బాబాయి ఆ కొలను దగ్గరే వాచ్‌మన్. వాడు నవ్వినా తేడాగా కనిపించేది, నవ్వకపోయినా తేడాగానే కనిపించేది.

ఒకరోజు వాణ్ని ఇంటికి పిలిచి, "గురువారం వెళ్తున్నాం. ఎవరితో అనకు" అంది. అది వాణ్ని పరీక్షించడానికి వాడొక్కడికే చెప్పిన ఉత్తమాట. గురువారం తనొక్కతే వెళ్లి చూసింది. గేటుకు తాళం!

"నువ్వే కదూ?" అని అందరి ముందూ నిలదీసింది.

గిరజాల మొహం పాలిపోయింది. "వరుసలో మా చెల్లి కూడా ఉంది. నేనెందుకు చెప్తానే?" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. వాణ్ని పిలిచిన రోజు ఇంట్లో ఉన్నది తామిద్దరేనా? కాదు. తెర అవతల అమ్మ ఇస్త్రీ చేస్తోంది. కొలను మేనేజరు చొక్కాలు వచ్చేదీ అమ్మ దగ్గరికే.

"అమ్మా, నువ్వా చెప్పింది?"

ఇస్త్రీపెట్టె ఆగింది. "నేనే. గేటు మూసుంటే తిట్టుకుంటూ ఇంటికొస్తావు. తీసుంటే పోలీసులొస్తారు. నాకు నువ్వు ఇంటికి రావడమే కావాలి."

"గిరజాలని దొంగని చేశానే అమ్మా!"

అమ్మ మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

మిరియం అందరి ముందే వాడికి క్షమాపణ చెప్పింది. తర్వాత అమ్మ దగ్గరికెళ్లి, "ఆదివారం వెళ్తున్నాం. ఇది నిజం. ఇక నీ ఇష్టం" అంది. అప్పట్నుంచి అమ్మ గుమ్మం దాటితే చాలు, మేనేజరు దగ్గరికేనా అని మిరియం తొంగిచూసేది.

ఆదివారం గేటు తెరిచే ఉంది. కిటికీలోంచి మాత్రం ‘టికెట్లు ఇవ్వం’ అన్నారు. పిల్లలు అక్కడే బైఠాయించారు. పోలీసులు అందర్నీ స్టేషనుకు తీసుకెళ్లారు. అమ్మ పరుగున వచ్చింది.

"మీ పిల్లను తీసుకెళ్లండి" అన్నారు.

"అందర్నీ వదలండి, అప్పుడే తీసుకెళ్తా" అని బెంచీ మీద కూర్చుంది.

చివరికి పోలీసులు అందర్నీ వదిలేశారు. ఊరంతా ఆ సంగతే చెప్పుకుంది. నెల తిరక్కుండానే టికెట్ కిటికీలో ‘ఇల్లెక్కడ?’ అని అడగడం మానేశారు, పిల్లలు నీళ్లలోకి దిగారు. గిరజాల మాత్రం చాలాకాలం మిరియంతో ఆచితూచే మాట్లాడేవాడు.