పన్నెండో ప్రశ్న

పొద్దున షట్టరు ఎత్తగానే ఆమె చేసే మొదటి పని పిట్టలకి గింజలు వెయ్యడం. ఆ తరవాతే లైట్లూ, చీపురూ, టీ.

డీజేలు వాడే సామాను అమ్మే కొట్టు అది. కొత్త సరుకు ముందు గదిలో, వాడిన సరుకు వెనక గదిలో. కొనడానికి వచ్చినవాళ్ళు నోటిదాకా తెచ్చుకుని, మొహమాటానికో, తెలియనివాళ్ళమనుకుంటారన్న సిగ్గుకో మింగేసిన ప్రశ్నలన్నీ పిట్టలై అక్కడి అరల మీద వాలేవి. గుప్పెడంత ఉండేవి, బూడిదరంగులో. ఇంకెవరైనా వచ్చి ఆ ప్రశ్న పైకి అడిగి, నిజమైన జవాబు పుచ్చుకుంటే పిట్ట మాయమయ్యేది. 'ఇది కొంటే మా ఆవిడ ఇంట్లోకి రానిస్తుందా' అన్న పిట్ట మాత్రం మూడేళ్ళుగా పెద్ద స్పీకరు మీద కాపురం ఉంటోంది. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ కొట్టు గడప తొక్కరు మరి.

ఆమెని అందరూ పరీక్షమ్మ అనేవారు. వెనక గదిలోకి వచ్చిన ప్రతి పాటల ప్లేయరునీ విప్పి, తుడిచి, నడిపి చూసి చీటీ కట్టడం ఆమె పని. పదో తరగతి దాటని మనిషి. మాన్యువళ్ళు చదివి చదివి ఈ విద్య పట్టింది. మీసాలున్న నిపుణులు వచ్చి వేలు పెట్టి చూపిస్తూ పాఠం చెప్పబోతే, "అది పవర్ బటనండీ, దాని గురించి అంత ఉపన్యాసం అక్కర్లేదు" అనేది. కొనేవాళ్ళు మోసపోకూడదని 'కొనేముందు ఇవి అడగండి' అని పన్నెండు ప్రశ్నలు సొంత చేత్తో అట్ట మీద రాసి గోడకి తగిలించింది కూడా ఆమే. తన కొట్లో తననే నిలదీయమని రాసిపెట్టింది. అంత పొగరు.

ఆ పొగరే కొంప ముంచింది. ఒకరోజు ఎవరో పాత ప్లేయరు ఒకటి అమ్మకానికి తెచ్చారు. షాపాయన పెదవి విరిచాడు. "వద్దమ్మా, దీని వాలకం నాకు నచ్చలేదు."

"మీరు వాలకం చూస్తారు సార్, నేను లోపల చూస్తాను" అని ఆమె పట్టుబట్టి తీసుకుంది.

నాలుగు గంటలు ఆపకుండా నడిపి చూడాలన్నది ఆమె పెట్టిన నియమమే. మూడో గంట చివర్లో, పెట్టె బాగా వేడెక్కాక, ఆ ప్లేయరు ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. తెర మీద గీత కదల్లేదు, పాట లేదు. చల్లారాక మళ్ళీ భేషుగ్గా పాడింది. మర్నాడు మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే గంటకి అదే బిగుసుకోవడం. షాపాయన దగ్గరికి వెళ్ళి, మీరే కరెక్టు సార్ అనాలి. ఆ మూడు ముక్కలూ ఆమె గొంతు దాటలేదు. చీటీ మీద 'నాలుగు గంటలు, బాగుంది' అని రాసింది. తరవాత గోడ మీది అట్ట కింద వేలాడే క్యాలెండరు మేకు పీకి, జానెడు పైకి కొట్టింది. పన్నెండో ప్రశ్న క్యాలెండరు వెనక్కి పోయింది.

తప్పు చేసేటప్పుడు చెయ్యి వణకాలి కదా. వణకలేదు. మేకు ఒక్క దెబ్బకి దిగింది.

ఆ వారమే నడక టీచరు వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో ఈల, కాళ్ళకి బూట్లు. ఒళ్ళు వణికే జబ్బు ఉన్నవాళ్ళకి ఒక హాల్లో నడక నేర్పిస్తుందట.

"దానికింత మిషనెందుకండీ? ఫోనూ చిన్న స్పీకరూ చాలవూ?" అంది పరీక్షమ్మ.

"ఫోనుతోనే చేశానమ్మాయ్. పాట మధ్యలో ఎవడో ఫోన్ చేశాడు. ముగ్గురు పడ్డారు." టీచరు అదేదో వంట సంగతి చెబుతున్నట్టే చెప్పింది. "మా వాళ్ళ కాళ్ళు దరువు వింటేనే లేస్తాయి. నిమిషానికి తొంభై ఆరు. అది ఆగిందా, పాదాలు నేలకి అతుక్కుపోతాయి. మనిషి ముందుకి పడిపోతాడు. నాకు ఆగనిది కావాలి."

గోడ మీది అట్ట చూసి ఆవిడ వరసగా అడగడం మొదలుపెట్టింది. వేగం మారిస్తే పాట గొంతు మారుతుందా? నా పెన్‌డ్రైవు స్టిక్కులో ఉన్న పాటలన్నీ చదువుతుందా? పైన తిప్పే చక్రం వదులైందా? లోపల ఎప్పుడైనా ఏదైనా ఒలికిందా? స్టిక్కు ఊడిపోతే పాట ఆగిపోతుందా?

ఆ చివరిదానికి పరీక్షమ్మ పాట నడుస్తుండగానే స్టిక్కు లాగేసింది. ప్లేయరు ఆగకుండా చివరి ముక్కనే తిప్పి తిప్పి పాడింది. టీచరు మొహం చంటిపిల్ల మొహంలా వికసించింది.

పదకొండూ అయ్యాయి. ఆవిడ అట్ట కింది అంచుని, క్యాలెండరుని, మళ్ళీ అట్టని చూసింది. నోరు తెరిచింది. "ఇంకోటేదో అడగాలనుకున్నానే... పోనీలే. నువ్వు చూసే ఉంటావు."

"మీ క్లాసు ఎంతసేపు మేడం?"

"గంట."

గంటే కదా, మూడో గంట దాకా పోదు కదా, అనుకుంది పరీక్షమ్మ. ప్యాక్ చేసి ఇచ్చేసింది. టీచరు గుమ్మం దాటగానే బల్ల మీద ఒక బూడిద పిట్ట వాలింది.

మిగతావి అరల మీదే ఉండేవి. ఇది ఆమె భుజమెక్కింది. బస్సెక్కితే బస్సెక్కింది. కండక్టరు చూసి, "భుజం మీదుంటే పర్లేదు, సీట్లో కూర్చుంటే మాత్రం టికెట్టే" అన్నాడు. ఇంటికెళితే అక్క తలుపు తీసి, "ఏమే, కొట్లో చాలక ఇంటికి కూడా తెచ్చావా? ఇంతకీ ఎవరి ప్రశ్న?" అంది.

"ఎవరిదో."

"ఎవరిదో అయితే నీ వెంట ఎందుకొస్తుందే?" అని అక్క దానికి గిన్నెలో నీళ్ళు పెట్టింది.

పిట్ట కూత కూసేది కాదు. ముక్కుతో కొట్టేది. మంచం కోడు మీద, స్టీలు గిన్నె మీద, కొట్లో బల్ల మీద. టక్, టక్, టక్. పరీక్షమ్మ అలవాటుకొద్దీ గడియారం పెట్టి లెక్కేసింది. నిమిషానికి తొంభై ఆరు. ఆమె గడియారం బోర్లించింది. పదిరోజుల్లో పిట్ట పావురమంత అయింది. ఇరవై రోజులకి కోడంత. భుజం ఒకవైపు ఒంగిపోయింది. షాపాయన చూసి, "జీతం పెంచమని అడగలేక నువ్వు మింగిన ప్రశ్న కాదు కదా అది?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని తెలుసు. "సార్" అంది. ఆయన తలెత్తాడు. "కొత్త కేబుళ్ళు అయిపోయాయి" అంది. పిట్ట ఇంకాస్త బరువెక్కింది.

ఒక సాయంత్రం టీచరు ఫోన్ చేసింది. గొంతు నిండా సంబరం. "అమ్మాయ్, నీ పుణ్యమా అని ఒక్కరోజు కూడా ఆగలేదు! రేపట్నుంచి నాలుగు జట్లు. తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా, ఆపేదే లేదు. మా జట్టులో నడిచే డ్రైవరుగారైతే ఇంకో గంట వేసుకోమంటున్నారు."

ఇప్పుడు చెప్పు, అంది లోపలి గొంతు.

"చాలా సంతోషం మేడం" అంది పైగొంతు. ఫోను పెట్టేసరికి భుజం మీద కోడి లేదు, బాతంత పిట్ట ఉంది.

మర్నాడు సెలవు పెట్టి, పది గంటలకల్లా హాలు ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడింది. లోపలి దరువు రోడ్డు మీదికి వినబడుతోంది. మొదటి మాట ఏమనాలో కూడబలుక్కుంది. చెరిపేసుకుంది. పదిన్నర. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చింది. పదకొండున్నర. బయట బెంచీ మీద నాలుగో జట్టువాళ్ళు కూర్చుని, వణికే చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఒక పెద్దావిడ, "అంత బరువు మోస్తూ నిలబడ్డావేంటమ్మా, కూర్చో" అని జరిగింది. కూర్చోలేదు.

పన్నెండుకి ఏడు నిమిషాలుండగా పాట తెగిపోయింది.

అప్పుడు దూకింది లోపలికి. పాట ఆగకపోతే ఆమె ఇంకా పేవ్‌మెంటు మీదే ఉండేది. ఆ సంగతి ఆమె తరవాత ఎన్నడూ మర్చిపోలేదు.

హాల్లో ఆరుగురు నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే బిగుసుకుపోయారు. నడుములు ముందుకి పోతున్నాయి, పాదాలు రావడం లేదు. టీచరు ఒకావిణ్ణి చంకలో పట్టుకుంది. సరిగ్గా నడిమధ్యలో, పట్టుకోవడానికి ఏదీ లేనిచోట, ముప్పై ఏళ్ళు బస్సు తోలి మానేసిన డ్రైవరుగారు చేతులు గాల్లోకి చాచి ఒరిగిపోతున్నాడు.

బాతంత పిట్ట ఆమె భుజం మీంచి లేచింది. చెక్కబల్ల మీద, నోరు పడిపోయిన ప్లేయరు పక్కన వాలి ముక్కుతో కొట్టింది. టక్. టక్. టక్. హాలంతా మోగింది. డ్రైవరుగారి కుడికాలు లేచింది. ఆవిడదీ, ఇవతలాయనదీ లేచాయి. ఒక్కొక్కరే గోడవారనున్న కుర్చీలకి నడిచి కూర్చున్నారు. డ్రైవరుగారి కుర్చీ మాత్రం ఆ చివర ఉంది. ఇంకా పదడుగులు.

టీచరు పిట్టని చూసింది. తరవాత పరీక్షమ్మ ఒంగిన భుజాన్ని చూసింది. ఆ రోజు మింగినది నోట్లోకి తిరిగొచ్చింది.

"అమ్మాయ్, దీన్ని ఆపకుండా ఎన్ని గంటలు నడిపి చూశావు?"

నిజం చెబితే పిట్ట పోతుంది, దరువు పోతుంది. నాలుగు గంటలని అబద్ధమాడితే పిట్ట ఉంటుంది, ముసలాయన కుర్చీ చేరతాడు, తన పరువూ ఉంటుంది. ఇంత అందంగా అమరిన అబద్ధం ఆమెకి జీవితంలో ఎప్పుడూ దొరకలేదు.

ఆమె బల్ల దగ్గరికి నడిచింది. పిడికిలి బిగించి, పిట్ట ముక్కుతో జత కలిపి చెక్క మీద కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు కలిసి కొట్టాక చెప్పింది.

"మూడు గంటలు మేడం. మూడో గంట చివర ఆగిపోయింది. రెండుసార్లు. నాలుగని రాశాను. మీరు అడగకూడదని ఆ ప్రశ్న మీద క్యాలెండరు కప్పాను."

పిట్ట లేదు. బల్ల మీద ఆమె పిడికిలి ఒక్కటే ఉంది. టక్. టక్. చిన్నప్పుడైనా ఇంత శ్రద్ధగా ఏదీ లెక్కపెట్టలేదామె. ఎనిమిదడుగులు. ఐదు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచింది. రెండు. డ్రైవరుగారు కుర్చీ చేతుల్ని తడుముకుని, తిరిగి, కూలబడ్డాడు.

"ఇక ఆపమ్మా" అన్నాడు రొప్పుతూ. "స్టాపొచ్చింది. దిగిపోయాను."

ఆమె చెయ్యి ఆగలేదు. ఆపితే టీచరు మొహంలోకి చూడాల్సి వస్తుందని తెలుసు.

టీచరు తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. ప్లేయరు వైరు పీకి, చుట్ట చుట్టి పక్కన పెట్టింది. తలుపు తీసి బయటికి చూసింది. నాలుగో జట్టువాళ్ళు బెంచీ మీంచి అప్పటికే లేచి నిలబడి ఉన్నారు.

"వాళ్ళకింకా గంట క్లాసుంది" అంది వెనక్కి తిరక్కుండానే. "చెయ్యి నొప్పి పుడితే ముందే చెప్పు. చెప్పకుండా ఆగిపోకు."

"చెబుతాను మేడం" అంది పరీక్షమ్మ, పిడికిలి మార్చుకుంటూ, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.