రెండు పూతల బంక

నేను ఒక పాత స్పీకర్‌ని. పెట్టెలో నాకు తోడు లేదు. సన్నటి ధ్వనికి ఒకటి, బరువైన ధ్వనికి ఒకటి అనే పంపకాల్లేవు. ఒకే కాగితపు కోన్ అన్నీ పలకాలి. గోడలు అదరగొట్టలేను కానీ, నాలోంచి మనిషి మాట్లాడితే ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

తెనాలిలో రేడియో మెకానిక్ మస్తాన్ నన్ను టేకు పెట్టెలో బిగించి, తన స్నేహితుడు గవరయ్యకి ఇచ్చాడు. గవరయ్య నాటకాల్లో పద్యాలు పాడేవాడు. రిహార్సల్ టేపులన్నీ నాలోనే వినేవాడు. "దీనికి మొహమాటం లేదురా మస్తానూ. తప్పు పాడితే తప్పనే చెబుద్ది" అని నవ్వేవాడు. ఆయనకూ మొహమాటం లేదు. శ్రుతి తప్పితే ఎంతటివాణ్ణయినా ఆపేసేవాడు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆయన గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందురోజు కూతురు శేషారత్నం ఆయన ముందు టేప్‌రికార్డర్ పెట్టింది. ఆయన పద్యం పాడలేదు. "అన్నం తిన్నావా, శేషూ?" అని, ఒక ఊపిరి వదిలాడు. అంతే.

తర్వాత ఆయన చేతికి పలక వచ్చింది. ఇంటికి మూడు స్పీకర్ల కొత్త పెట్టె వచ్చింది. శేషు ఆ టేపు అందులో విని, ఆపేసి, మస్తాన్‌కేసి తిరిగింది.

"మాట ఒక మూల, ఊపిరి ఒక మూల. ఇది మా నాన్న కాదు బాబాయ్. పాతదాన్నే బాగుచెయ్యి."

అప్పటికి నా కోన్ అంచు చిరిగి ఉంది. పల్చటి కాగితం, ఒక్క పూత బంక చాలు. ఎవరి పెట్టెకైనా మస్తాన్ అంతే చేసేవాడు. ఇది గవరయ్య గొంతు. పదికాలాలు ఉండాలని రెండో పూత పూశాడు.

బంక ఆరింది. అంచు కదలక నేను బిగుసుకుపోయాను.

టేపు తిరిగింది. "అన్నం తిన్నావా, శేషూ?" మాట వచ్చింది. ఊపిరి రాలేదు.

"ఎట్టా ఉంది అన్నా?" అడిగాడు మస్తాన్.

గవరయ్య బంక అంటిన ఆ వేళ్లకేసి చూశాడు. పలక మీద "నేనే" అని రాశాడు.

"తిన్నాను నాన్నా" అంది శేషు, నాకేసి చూస్తూ. టేపు ఆపింది. మళ్లీ పెట్టలేదు.

ఆయన పోయాక నన్ను మస్తాన్‌కి తిరిగిచ్చింది. ఒకరోజు అతను నాకు రేడియో తగిలించి వార్తలు విన్నాడు. చదివేవాడి మాట వచ్చింది, ఊపిరి రాలేదు. మధ్యలో ఆపేసి, చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

ఇప్పుడు అతని కొట్టు వెనక తుక్కులో ఉన్నాను. టేకు పుచ్చింది, తీగలు ఊడాయి. ఆ బంక మాత్రం చెక్కుచెదరలేదు.